పచ్చ ప్యాకెట్లో ఎవరున్నారు?

తినేది ఏది చేతికిచ్చినా మా తాతయ్య ముందు ఒక ప్రశ్న అడుగుతాడు. అందరూ "ఏముంది ఇందులో?" అంటారు. ఆయన "ఎవరున్నారు ఇందులో?" అంటాడు.

పచ్చికలో బంతులు దొర్లించి ఆడే బౌల్స్ ఆట క్లబ్బులో కౌంటరు దగ్గర ఉండే డోరీన్‌కి ఈ ప్రశ్న అలవాటైపోయింది. "ఎవరూ లేరు నాయనా, దుంప ఒక్కత్తే ఉంది. దాని తరఫున అడిగేవాళ్లు కూడా ఎవరూ లేరు," అని పచ్చ ప్యాకెట్ ఆయన ముందు పెడుతుంది. డెబ్బై దాటిన ముసలాళ్లనందర్నీ ఆమె నాయనా అనే పిలుస్తుంది.

మా క్లబ్బులో చిప్స్‌ని ఎవరూ రుచి పేరుతో అడగరు, రంగుతో అడుగుతారు. ఎరుపంటే ఉత్త ఉప్పు. నీలమంటే ఉప్పూ వెనిగరూ. గోధుమరంగంటే పొగబెట్టిన బేకన్. పచ్చ అంటే చీజూ ఉల్లిపాయా. పచ్చగా ఉంది కాబట్టి అది శాకాహారుల ప్యాకెట్టని ఎప్పుడో ఎవరో అనుకున్నారు, తరవాత అందరూ అలాగే అనుకుంటూ వచ్చారు. తాతయ్యా అనుకున్నాడు, డోరీనూ అనుకుంది. ఆ చిప్స్ చేసే ఫ్యాక్టరీలో పనిచేస్తున్న నేనూ అనుకున్నాను.

నా పేరు నెల్ ఆర్మరాడ్. ఇంగ్లండులో పెండిల్ కొండ కింద మా ఊళ్లో ఒకప్పుడు నూలు మిల్లులుండేవి, ఇప్పుడు చిప్స్ ఫ్యాక్టరీ ఉంది. మా నాన్న ఇరవై ఆరేళ్లుగా అక్కడ నూనె బాణళ్ల దగ్గర పనిచేస్తున్నాడు. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనే మొదట. ఆహార శాస్త్రం చదివాను. చదువయ్యాక నాన్న పనిచేసే ఫ్యాక్టరీలోనే మేడమీద గదిలో ఉద్యోగం వచ్చింది. ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో రాసేదంతా సరిగ్గా ఉందో లేదో చూడటం నా పని. నాన్న తన స్నేహితులతో "మా అమ్మాయి ప్యాకెట్లు చదువుతుంది," అని చెప్పేవాడు. ఆ మాట ఆయన వెటకారంగా అనలేదు.

ఆ ఏడాది, అంటే రెండువేల నాలుగు మొదట్లో, మా మేనేజరు కాట్లో గారికి కొత్త ఆలోచన వచ్చింది. ప్యాకెట్లు ఎలాగూ మార్చి అచ్చు వేయిస్తున్నాం కదా, మూలన చిన్న ఆకు బొమ్మ వేసి 'శాకాహారులు తినవచ్చు' అని రాద్దామన్నారు. ఏ ప్యాకెట్లకి వెయ్యాలో ఆయనే జాబితా రాసి నా బల్లమీద పెట్టారు. ఎరుపుకి, నీలానికి, పచ్చకి ఆకు ఉంది. గోధుమరంగుకి లేదు.

"దీనికి పెద్ద చదువు అక్కర్లేదమ్మా. బేకన్ అంటే పంది. ఉల్లిపాయ అంటే ఉల్లిపాయ," అన్నారాయన.

"అయినా పొడులు పంపేవాళ్ల దగ్గర్నుంచి కాగితాలు తెప్పిస్తాను సార్."

"తెప్పించు. నీ తృప్తికి."

కాగితాలు వచ్చాయి. బేకన్ పొడి కాగితం ముందు చదివాను. చక్కెర, ఉప్పు, ఈస్టు, ఉల్లిపాయ పొడి, ఎర్రమిరప పొడి, చెక్కల పొగ పట్టించిన రుచి. పంది తోకంత కూడా ఎక్కడా లేదు. నవ్వుకున్నాను. తరవాత చీజ్ పొడి కాగితం తీశాను. రెండో పేజీలో కిందినుంచి మూడో వరసలో ఒక మాట ఉంది. అక్కడ నవ్వు ఆగిపోయింది.

చీజ్ చెయ్యాలంటే ముందు పాలు గడ్డకట్టాలి. మామూలు పెరుగుకి తోడు వేసినట్టు, దానికీ ఒకటి వెయ్యాలి. ఆ తోడు రకరకాలుగా దొరుకుతుంది. ఈ పొడి చేసేవాళ్లు వాడేది లేగదూడ పొట్టలోంచి తీసింది. తల్లి పాలు ఇంకా మానని దూడ పొట్టలోనే అది బాగా ఉంటుంది. దూడని కోస్తేగాని అది రాదు.

కాగితాలు రెండూ పట్టుకుని కాట్లో గారి గదికి వెళ్లాను. "సార్, మన జాబితా తలకిందులైంది. ఆకు బేకన్‌కి వెయ్యాలి. చీజుకి వెయ్యకూడదు."

ఆయన రెండుసార్లు చదివారు. కళ్లద్దాలు తుడుచుకుని మూడోసారి చదివారు. "పంది ప్యాకెట్ మీద ఆకు బొమ్మా? జనం నవ్వరూ?"

"నవ్వనివ్వండి సార్. నిజమే కదా."

"చీజ్ పొడి మార్పించలేమా?"

"మార్పించవచ్చు, కానీ కొన్ని నెలలు పడుతుందంటున్నారు."

కాట్లో గారు మంచి మనిషి. కిటికీలోంచి కాసేపు లారీలవైపు చూసి, "అయితే ఉన్నది ఉన్నట్టే వేయించు," అన్నారు.

వేయించాను. కొత్త ప్యాకెట్లు ఏప్రిల్‌లో సిద్ధమయ్యాయి. మా ఊరి క్లబ్బుకి సరుకు ఫ్యాక్టరీనుంచి తిన్నగా వెళుతుంది. అంటే బౌల్స్ ఆటలు మొదలయ్యే మొదటి శనివారానికే డోరీన్ కౌంటరు మీద కొత్త ప్యాకెట్లు ఉంటాయి.

తాతయ్య మాంసం ఎందుకు మానేశాడో మా ఇంట్లో అందరికీ తెలుసు. క్లబ్బులో ఎవరికీ తెలియదు. అరవైమూడు చలికాలంలో, మా వైపు రెండు నెలలు మంచు కరగని ఆ ఏడాది, ఆయన పశువుల లారీ నడిపేవాడు. ఒక పొద్దున కొండదారిలో లారీ మంచులో కూరుకుపోయింది. వెనక తొమ్మిది లేగదూడలున్నాయి. ఊళ్లోవాళ్లు పారలు పట్టుకుని వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పటిదాకా వెచ్చదనం కోసం ఆయన దూడల మధ్యే గడ్డిలో కూర్చున్నాడు. ఒక దూడ ఆయన రెండు వేళ్లు నోట్లో పెట్టుకుని, తల్లి పొదుగనుకుని, గంటలకొద్దీ చీకుతూనే ఉందట. తన వేళ్లు గడ్డకట్టకుండా కాపాడింది ఆ దూడేనని తాతయ్య అంటాడు. దారి తెరిచాక దూడల్ని ఎక్కడికి చేర్చాలో అక్కడికి చేర్చాడు. అది ఆయన పని. దింపేటప్పుడు ఆ దూడ చెవిలో ఒక మాట చెప్పాడు: "మీవాళ్లనెవర్నీ ఇక నోట్లో పెట్టుకోను." ఆ మర్నాడే లారీ తాళాలు యజమానికి ఇచ్చేసి మిల్లులో చేరాడు.

నలభై ఒక్క ఏళ్లుగా ఆ మాట మీద నిలబడ్డాడు. ఆదివారం మా నానమ్మ అందరికీ మాంసం వేయించి తనకి మాత్రం దుంపలు పెట్టినా ఏమీ అనలేదు. క్లబ్బులో క్లిఫర్డ్ నటాల్ విల్ఫ్ అన్న పేరు వదిలేసి, ఆకులు తింటాడని రోజూ "ఒరేయ్ కుందేలూ" అని పిలిచినా పలికాడు. క్లిఫర్డ్‌ది ఒకప్పుడు మార్కెట్లో మాంసం కొట్టు. ఇద్దరూ ఒకే బడిలో చదివారు, ఇప్పుడు ఒకే జట్టులో ఆడతారు, ఆడినంతసేపూ పోట్లాడుకుంటారు.

ఆ మొదటి శనివారానికి ముందు బుధవారం నాన్నతో విషయం చెప్పాను. ఆయన ఒళ్లంతా నూనె వాసన. భోజనాల బల్ల దగ్గర బూట్లు విప్పుకుంటున్నాడు.

"చెప్పకు. డెబ్బై మూడేళ్ల మనిషి, హాయిగా ఉన్నాడు. తెలియకుండా తిన్నదానికి పాపం లేదు," అన్నాడు.

"శనివారం తెలుస్తుంది నాన్నా. పచ్చదాని మీద ఆకు ఉండదు, పంది ప్యాకెట్ మీద ఉంటుంది. క్లిఫర్డ్‌కి బంతి ఎక్కడుందో కనపడకపోవచ్చు గాని, ఇది మాత్రం కళ్లద్దాలు లేకుండానే చదువుతాడు."

నాన్న రెండో బూటు విప్పడం ఆపాడు. "అవును. చదివి పాట కూడా కడతాడు."

"అందరి ముందూ వాళ్ల నోటినుంచి వినడం కంటే నా నోటినుంచి వినడం నయం కదా. అయినా, ఎవరో తెలియనివాళ్లకి నిజం చెప్పడానికి నాకు జీతం ఇస్తున్నారు. సొంత తాతకి చెప్పకపోతే ఎలా?"

"చదువు చెప్పించినందుకు మాకు బాగానే అయింది," అన్నాడు నాన్న. తరవాత కాస్త మెత్తబడి, "వెళ్లేటప్పుడు రొట్టె ఏదైనా తీసుకెళ్లు. ఉత్త చేతుల్తో ఇలాంటి మాట చెప్పకూడదు," అన్నాడు.

గురువారం సాయంత్రం ఎండుద్రాక్ష రొట్టె పట్టుకుని వెళ్లాను. తాతయ్య వంటింటి బల్ల మీద పాత తువ్వాలు పరిచి, తన ఆట బంతులు రెంటికీ మైనం రుద్దుతున్నాడు. చలికాలమంతా అటక మీద ఉన్నాయవి. స్టవ్ మీద టీ నీళ్లు కాగుతున్నాయి. నేను కోటు కూడా విప్పలేదు. విప్పితే చెప్పలేనేమోనని భయం.

"తాతయ్యా, పచ్చ ప్యాకెట్లో ఒకరున్నారు."

బంతి మీద గుడ్డ ఆగింది. "ఎవరు?"

"దూడ."

కూర్చోమన్నట్టు కుర్చీ చూపించాడు. కూర్చున్నాను. చీజ్ ఎలా చేస్తారో, తోడు ఎందుకు వేస్తారో, అది ఎక్కడినుంచి వస్తుందో చెప్పాను. కాలేజీ మాటలు వాడకుండా చెప్పడానికి చూశాను. ఆయన మధ్యలో ఒక్కసారి మాత్రం అడ్డం వచ్చాడు.

"ఎంత వేస్తారు?"

"చాలా కొంచెం తాతయ్యా. ఒక ప్యాకెట్‌కి లెక్కేస్తే అసలు లేనట్టే."

"నేనడిగింది అది కాదు తల్లీ. దూడ కొంచెం చచ్చిపోతుందా, పూర్తిగానా?"

"పూర్తిగానే," అన్నాను.

నీళ్లు మరిగి ఈల వేస్తున్నా ఆయన లేవలేదు. నేనే లేచి స్టవ్ ఆపాను. వెనక్కి తిరిగేసరికి ఆయన తన కుడిచేతి రెండు వేళ్లవైపు చూసుకుంటున్నాడు. మైనం అంటి మెరుస్తున్నాయవి.

"పాలు మానని దూడ అన్నావు కదూ?"

"అవును."

"అయితే అది నన్ను వదల్లేదన్నమాట. ఇన్నేళ్లూ తోడుగానే ఉంది." అని, నా మొహం చూసి, "ఏడవకు. ఏడిస్తే టీ ఎవరు పోస్తారు?" అన్నాడు.

టీ పోశాను. రొట్టె కోశాను. ఆయన లేచి ఫ్రిజ్ తెరిచి, కాగితంలో చుట్టిన చీజ్ ముక్క తీసి బల్లమీద పెట్టాడు. "మరి ఇది?"

ఇది అడుగుతాడని ముందే అనుకున్నాను. పొద్దున మార్కెట్లో ఆ చీజ్ అమ్మే ఆవిడ దగ్గరికి వెళ్లి అడిగి వచ్చాను. "ఆవిడ పదేళ్లనుంచి బూజునుంచి తీసిన తోడు వాడుతోందట. దూడది కాదు. అంతకుముందు సంగతి గుర్తులేదంది."

"పదేళ్ల ముందుది నాకూ ఏమీ గుర్తులేదని చెప్పు ఆవిడతో," అని ముక్క మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టేశాడు. ఆయన భుజాలు కాస్త కిందికి దిగాయి. అప్పుడు నేను కోటు విప్పాను.

కాసేపయ్యాక అసలు ప్రశ్న అడిగాడు. "మరి ఆ గోధుమరంగుదాంట్లో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. చక్కెర, ఉప్పు, ఈస్టు, మిరపపొడి, పొగ."

"పందికి తెలుసా ఈ సంగతి?" అన్నాడు. రొట్టె ముక్క టీలో ముంచుకుని తిన్నాడు. తరవాత, "చూడు, అందరూ బేకన్ తింటుంటే నలభై ఏళ్లుగా ఆ వాసనకి నా నోరూరేది. ఇలా ఊరుతోందంటే నాలో ఏదో లోపముందని అనుకునేవాణ్ణి. మాటిచ్చినవాడికి నోరూరకూడదు కదా. ఇప్పుడు చూస్తే, నాకు కావలసింది పొగా ఉప్పూ. పంది కాదు," అన్నాడు.

సంచీలో ఒక గోధుమరంగు ప్యాకెట్ తెచ్చాను. తీసి ఇవ్వబోయాను.

"ఇక్కడ వద్దు. వంటింట్లో తలుపేసుకుని దొంగలా తింటానా? శనివారం తింటాను. అందరి ముందూ."

"క్లిఫర్డ్ ఊరుకోడు తాతయ్యా."

"ఊరుకుంటే నాకే బెంగ," అన్నాడు, రెండో బంతి చేతిలోకి తీసుకుంటూ.

శనివారం సన్నటి తుంపర. మొదటి ఆటలో తాతయ్యా క్లిఫర్డూ గెలిచారు, పక్క ఊరివాళ్ల మీద నాలుగు పాయింట్లతో. నాలుగింటికి అందరూ లోపలికి వచ్చి తడిసిన కోట్లు వేలాడదీశారు. డోరీన్ పళ్లెంలో పిండిలో మాంసం కూరి కాల్చిన పైలు, పక్కన బఠానీలు పెడుతోంది. తాతయ్యకి వేరేగా దుంపలూ ఉల్లిపాయలూ కూరిన పై. అలవాటుగా పచ్చ ప్యాకెట్ తీసి ఆయన ముందు పెట్టింది. కొత్త ప్యాకెట్టే. మూల ఖాళీగా ఉంది.

"డోరీన్, ఇవాళ గోధుమరంగుది ఇవ్వమ్మా," అన్నాడు తాతయ్య.

డోరీన్ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "ఒంట్లో బాగానే ఉందా నాయనా?"

క్లిఫర్డ్ కుర్చీలోంచి సగం లేచాడు. "అందరూ వినండ్రా! కుందేలు బేకన్ అడిగింది! నలభై ఏళ్ల తపస్సు గోవిందా! నా కొట్టు మూసేశాక గుర్తొచ్చిందా నీకు? ఉన్నప్పుడు వస్తే సగం ధరకి ఇచ్చేవాణ్ణి కదరా!"

"కూర్చో క్లిఫర్డ్. ప్యాకెట్ మూల చూడు."

క్లిఫర్డ్ ప్యాకెట్ లాక్కుని చూశాడు. ఆకు బొమ్మ చూశాడు. "శాకాహారులు తినవచ్చు" అని పైకి చదివాడు. అటు తిప్పి ఇటు తిప్పి, పంది ఎక్కడైనా దాక్కుందేమోనన్నట్టు వెనక అక్షరాలు చదవడం మొదలుపెట్టాడు. ఎవరో నవ్వారు. పక్క జట్టులో ఒకాయన, "పంది లేని పంది చిప్సా? రుచి కావాలనుకున్నాక మాంసం కావాలనుకున్నట్టే. నియమం అంటే మనసులో కూడా ఉండాలి," అన్నాడు.

డోరీన్ గరిటె కింద పెట్టింది. "మా ఆయన పడగ్గదిలో సినిమాతార బొమ్మ పెట్టుకుని ఇరవై ఏళ్లుగా చూస్తున్నాడు. కాపురం నాతోనే చేస్తున్నాడు. దానికేమంటావు నాయనా?"

క్లబ్బంతా ఘొల్లుమంది.

నవ్వులు తగ్గాక తాతయ్య పచ్చ ప్యాకెట్ మెల్లగా బల్ల మధ్యకి జరిపాడు. "ఇందులో దూడ ఉంది. మా మనవరాలు కనిపెట్టింది. ఇన్నేళ్లూ మీ కళ్లముందే తిన్నాను. క్లిఫర్డ్, ఎన్నేళ్లుగానో నన్ను ఏడిపించడానికి నీకు ఏదో ఒకటి కావాలి కదా. ఇదిగో, నేనే ఇస్తున్నాను. తీసుకో."

తోడు సంగతీ, దూడ పొట్ట సంగతీ నేను చెప్పాను. చెబుతున్నంతసేపూ క్లిఫర్డ్ మొహం వైపే చూస్తున్నాను, ఎప్పుడు విరుచుకుపడతాడా అని. ఆయన విరుచుకుపడలేదు. కుర్చీలో పూర్తిగా కూర్చున్నాడు.

"ఆ సంచీలు," అన్నాడు, గొంతు తగ్గించి. "కొట్టులో దూడల్ని కోసినప్పుడల్లా పొట్ట సంచీలు తీసి ఉప్పేసి ఆరబెట్టేవాణ్ణి. నెలకోసారి చీజ్ వాళ్ల మనిషి వచ్చి పట్టుకుపోయేవాడు. ఎందుకో నాకు తెలుసురా విల్ఫ్. బాగా తెలుసు. కానీ నీ ముందున్న చిప్స్‌తో ఎప్పుడూ కలిపి చూడలేదు. ఎప్పుడూ తట్టలేదు."

"నాకు తట్టిందా?" అన్నాడు తాతయ్య.

"నువ్వు లారీ తోలినవాడివి. నేను కత్తి పట్టినవాణ్ణి. నాకు తట్టాలి." క్లిఫర్డ్ మొహం ఎర్రబడింది. ఆయనకి కోపం వచ్చిందని మొదట అనుకున్నాను. నిజంగానే కోపం వచ్చింది, తాతయ్య మీద మాత్రం కాదు. "ఉల్లిపాయ చిప్స్‌లో దూడ పెట్టడమేమిట్రా? ఎవడి బుర్ర ఇది? ఇక్కడ ఒక మనిషి నియమం పెట్టుకుని బతుకుతుంటే అడ్డమైనదీ కలుపుతారా?"

"ఇన్నాళ్లూ నువ్వే కుందేలన్నావు కదరా."

"నేనంటాను. నేననొచ్చు. ఫ్యాక్టరీవాడెవడు?"

ఫ్యాక్టరీ మనిషిని నేను అక్కడే కూర్చుని ఉన్నాను. బఠానీలు తింటూ తల వంచుకున్నాను.

తాతయ్య గోధుమరంగు ప్యాకెట్ చింపాడు. ఒక చిప్ తీసి వెలుతురుకి పట్టుకుని చూశాడు. "ఎవరున్నారు ఇందులో?" అన్నాడు అలవాటుగా. ఈసారి డోరీన్ కాదు, క్లిఫర్డ్ జవాబిచ్చాడు. ప్యాకెట్ వెనక చిన్న అక్షరాలు ముక్కుకి ఆనించుకుని, చర్చిలో బైబిలు చదివినట్టు మొదటినుంచి చివరిదాకా చదివాడు. దుంపలు. పొద్దుతిరుగుడు నూనె. చక్కెర. ఉప్పు. ఈస్టు. ఉల్లిపాయ పొడి. మిరప పొడి. పొగ. "ఎవరూ లేరు. తిను," అన్నాడు.

తాతయ్య తిన్నాడు. కళ్లు మూసుకుని నమిలాడు. క్లబ్బు క్లబ్బంతా ఆయన దవడవైపే చూస్తోంది.

"ఎలా ఉంది నాయనా?" అంది డోరీన్ ఉండబట్టలేక.

"ఉప్పెక్కువైంది," అన్నాడు తాతయ్య. అని ఇంకొకటి తీసుకున్నాడు. ప్యాకెట్ ఖాళీ అయ్యేదాకా తీసుకుంటూనే ఉన్నాడు. చివర్లో అడుగున మిగిలిన పొడి వేలికి అద్దుకుని నాకాడు. ఏ వేలో నేను చూశాను. ఎవరికీ చెప్పలేదు.

మరుసటి బుధవారం నా బల్లమీదికి ఒక ఉత్తరం వచ్చింది. నీలం గీతల కాగితం, పెద్ద పెద్ద అక్షరాలు.

"అయ్యా, నా మిత్రుడు శ్రీ విల్ఫ్రెడ్ ఆర్మరాడ్ నలభై ఒక్క ఏళ్లుగా శాకాహారి. మా క్లబ్బులో ఆయన నియమాన్ని మేమందరం మొదటినుంచీ ఎంతో గౌరవిస్తూ వస్తున్నాం. అలాంటి మనిషికి మీరు పచ్చ ప్యాకెట్లో దూడని పెట్టి తినిపించడం ఏమాత్రం మర్యాద కాదు. దూడ పొట్ట గురించి మీకు తెలియకపోతే నన్ను అడగండి, నాకు బాగా తెలుసు. మీరు పొడి మార్చేదాకా మా క్లబ్బులో పచ్చ ప్యాకెట్ ఎవరూ కొనరు. ఇట్లు, సి. నటాల్, మాంసం వ్యాపారి (విశ్రాంత)."

మా ఆఫీసులో ఏ ఉత్తరం వచ్చినా పది రోజుల్లో జవాబివ్వాలి. ఇచ్చాను. మీ ఉత్తరం అందింది, మీ మిత్రుడికి కలిగిన బాధకి విచారిస్తున్నాం, చీజ్ పొడి మార్చే ప్రయత్నం జరుగుతోంది అని, ఎవరికైనా రాసినట్టే రాసి సంతకం పెట్టాను. 'ఎంతో గౌరవిస్తూ' అన్నచోట మాత్రం పెన్సిలుతో చిన్న గీత గీసి, అసలు ఉత్తరాన్ని కాట్లో గారికి పంపాను.

పచ్చదాని మీద ఆకు ఎందుకు లేదని అడుగుతూ తరవాతి వారాల్లో ఇంకో పదిహేను ఉత్తరాలు వచ్చాయి. కాట్లో గారు అన్నీ ఒక దారంతో కట్టి, పొడి పంపేవాళ్ల దగ్గరికి తనే స్వయంగా వెళ్లారు. అన్నిటికంటే పైన క్లిఫర్డ్ ఉత్తరం పెట్టారట. "అందరూ శాకాహారులే రాశారు. కసాయి రాసింది ఇదొక్కటే. వాళ్లు దీనికే భయపడ్డారు," అన్నారు తిరిగివచ్చాక.

సెప్టెంబరు చివర్లో ఆటలు ముగిసే శనివారం నాటికి కొత్త పచ్చ ప్యాకెట్లు వచ్చాయి. తోడు మారింది. మూలన ఆకు ఉంది. ఆ వేసవంతా మా క్లబ్బు కౌంటరు మీద పచ్చ ప్యాకెట్ కనపడలేదు. మొదటి పెట్టె నేనే సైకిల్ మీద పెట్టి, సైకిల్‌ని నడిపించుకుంటూ తీసుకెళ్లాను. అంత గర్వంగా నేను పట్టా పుచ్చుకున్న రోజు కూడా నడవలేదు.

ఆ రోజు తాతయ్యా క్లిఫర్డూ ఓడిపోయారు. తప్పు ఎవరిదన్న గొడవ ఇంకా తేలలేదు. డోరీన్ ఇద్దరి మధ్యా పచ్చ ప్యాకెట్ పెట్టి, "ఇదిగో నాయనా, నీది నీకు తిరిగొచ్చింది. ఎవరూ లేరు ఇందులో. నెల్ హామీ," అంది.

తాతయ్య ప్యాకెట్ చేతిలోకి తీసుకున్నాడు. ఆకు మీద బొటనవేలు పెట్టి చూశాడు. నావైపు చూసి తల ఊపాడు. ఆ తల ఊపడంతోనే నా వేసవి పనికి కూలి ముట్టినట్టయింది.

"మంచి పని చేశావు తల్లీ. కానీ నాకిప్పుడు గోధుమరంగుది అలవాటైపోయింది." ప్యాకెట్ క్లిఫర్డ్ ముందుకి తోశాడు. "ఇది వీడికివ్వండి. ఈ వయసులోనైనా కాస్త ఆకుకూరలు అలవాటు కావాలి."

క్లిఫర్డ్ గొణిగాడు. కుందేలు ఊరందర్నీ కుందేళ్లని చేసేదాకా నిద్రపోదన్నాడు. గొణుగుతూనే ప్యాకెట్ చింపాడు. ఒక చిప్ తీసి, నోటిదాకా తెచ్చి, ఆగాడు.

"ఎవరున్నారు ఇందులో?" అన్నాడు.

తాతయ్య తన గోధుమరంగు ప్యాకెట్లోంచి తల ఎత్తలేదు.

"ఎవరూ లేరురా. తిను."